నిప్పుకోడి పిల్లలకూ ‘తోడు’ కావాలి

అమెరికాలో కాపురం పెట్టిన కొత్తల్లో మొదటిసారి పెరుగు ఎలా తోడుపెట్టారో మనలో ఎవర్ని అడిగినా ఒక కథ చెప్తారు. కొందరు పాలల్లో ఎండుమిరపకాయ తొడిమలు వేసి చూసుంటారు. కొందరు పక్క అపార్ట్‌మెంట్ ఆవిడ దగ్గర్నుంచి చిన్న గిన్నెలో తోడు తెచ్చుకునుంటారు. ఊరెళ్ళేటప్పుడు ఆ తోడు స్నేహితురాలికి అప్పగించి వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. ఎందుకంటే పాలకి తోడు ఎంత ముఖ్యమో మనకి తెలుసు. మంచి సూక్ష్మజీవి ముందుగా చేరితే పెరుగవుతుంది. చెడ్డది ముందుగా చేరితే పాలు పాడవుతాయి.

ఇదే సూత్రం మీద ఒక పక్షిపిల్ల బతుకు ఆధారపడి ఉంటుందని చెప్తే మీకు ఆశ్చర్యంగా ఉండొచ్చు. ఆ పక్షి నిప్పుకోడి. మనం ఇక్కడ ఆస్ట్రిచ్ అంటున్నదే. ఫారంలో పుట్టిన నిప్పుకోడి పిల్లలు మొదటి మూడు నెలల్లో పెద్ద సంఖ్యలో చనిపోతుంటాయి. వాటిని కాపాడటానికి ప్రోబయోటిక్స్, అంటే మేలుచేసే బతికున్న బాక్టీరియా, ఎంతవరకూ పనికొస్తాయి? నేను చదువుకున్నది మైక్రోబయాలజీ అయినా, మా వదిన ఫోన్ చేసేదాకా ఈ ప్రశ్న గురించి ఎప్పుడూ ఆలోచించలేదు.

వదిన ఫోన్

మా వారి అక్కయ్య వాళ్ళు టెక్సాస్‌లో, డాలస్‌కి రెండు గంటల దూరంలో కొంత భూమి కొనుక్కున్నారు. ఇద్దరూ పాతికేళ్ళు ఉద్యోగాలు చేసి, ఇక చాలనుకుని పల్లెకి మారారు. మేకలు, కోళ్ళు అయ్యాక నిప్పుకోళ్ళ మీద మనసు పడింది. దీని మాంసం ఎర్రగా ఉంటుంది, కొవ్వు తక్కువ. తోలుకీ గిరాకీ ఉంది. 24 పిల్లల్ని కొన్నారు. ఒక్కో పిల్ల ఖరీదు వందల డాలర్లలో ఉంటుంది.

నెల తిరక్కుండానే 11 పోయాయి.

“పొద్దున్న బాగానే పరిగెడుతుందే అమ్మాయ్. సాయంత్రానికి మెడ వాల్చేస్తుంది. మర్నాటికి ఉండదు. ఏదో ప్రోబయోటిక్ పెట్టమంటున్నారు అందరూ. మన పెరుగు పెడితే సరిపోదా?” అని అడిగింది వదిన. గొంతు బొంగురుపోయింది. పోయిన డబ్బు ఒక ఎత్తు. పేర్లు పెట్టి, చేత్తో తినిపించిన పిల్లలు రోజుకొకటి పోతుంటే చూడటం ఇంకో ఎత్తు.

“వదినా, ముందు చనిపోయినవాటిలో ఒకదాన్ని పారేయకుండా చల్లగా ఉంచి ల్యాబ్‌కి పంపండి. ఎందుకు పోతున్నాయో తెలియకుండా ఏది పెట్టినా చీకట్లో రాయి విసిరినట్టే” అన్నాను. టెక్సాస్‌లో ఈ పరీక్షల కోసం ఏ అండ్ ఎమ్ విశ్వవిద్యాలయ వ్యవస్థ కింద పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాల ఉంది. చాలా రాష్ట్రాల్లో ఇలాంటి ల్యాబ్‌లు ఉన్నాయి. పెరట్లో నాలుగు కోళ్ళు పెంచుకునేవాళ్ళు కూడా వీటిని వాడుకోవచ్చు.

తల్లిదండ్రుల దగ్గర పెరిగితే ఏం దొరుకుతుంది?

నిప్పుకోడి గుడ్డు దాదాపు కిలోన్నర బరువుంటుంది. సుమారు 42 రోజులకి పిల్ల బయటికొస్తుంది. అడవిలో పగలు ఆడపక్షి, రాత్రి మగపక్షి పొదుగుతాయి. పుట్టిన పిల్ల కడుపులో పచ్చసొన మిగిలి ఉంటుంది. మొదటి రోజుల్లో దానికి అదే ఆహారం. తర్వాత అది పెద్దవాటి వెంట తిరుగుతూ గడ్డీ గింజా ఏరుకుంటుంది. వాటితోపాటు పెద్ద పక్షుల పెంట కూడా తింటుంది.

చదవటానికి ఇబ్బందిగా ఉన్నా అసలు విషయం ఇక్కడే ఉంది. నిప్పుకోడి గడ్డి తిని బతికే పక్షి. పీచుని అరిగించే పని దాని పెద్దపేగులో ఉండే సూక్ష్మజీవులు చేస్తాయి. ఎదిగిన పక్షిలో ఆ పేగు చాలా పొడవు. పుట్టినప్పుడు మాత్రం ఆ పేగులో ఆ జీవులు ఉండవు. అమెరికాలో 1990లలో చేసిన ఒక పరిశోధనలో 3 వారాల పిల్ల మేతలోని పీచులో 6.5 శాతమే అరిగించుకోగలిగింది. 10 వారాలకి అది 51 శాతానికి పెరిగింది. ఈ మధ్యకాలంలోనే పిల్ల పేగుల్లో ‘తోడు’ పడాలి. పెద్దవాటి పెంట తినడం అందుకే.

ఫారంలో గుడ్లు ఇంక్యుబేటర్లో పొదుగుతాయి. పిల్లలు శుభ్రమైన పెట్టెలోంచి శుభ్రమైన బ్రూడర్‌లోకి వెళ్తాయి. తల్లినీ తండ్రినీ చూడవు. వెచ్చదనానికి దీపం ఉంటుంది, కడుపు నిండా దాణా ఉంటుంది. వంశపారంపర్యంగా అందాల్సిన ఆ సూక్ష్మజీవులు మాత్రం అందవు. ఖాళీగా ఉన్న పేగులో ముందుగా ఏది చేరితే దానిదే రాజ్యం. ఒక్కోసారి అది ఈ.కోలై, లేదా సాల్మొనెల్లా, లేదా క్లాస్ట్రిడియం.

ఈ పక్షి మనకి కొత్త కాదు

నిప్పుకోడి అంటే ఆఫ్రికానే గుర్తొస్తుంది. కానీ మన ప్రకాశం జిల్లాలో, బరోడా మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయం వాళ్ళు విదేశీ శాస్త్రవేత్తలతో కలిసి జరిపిన తవ్వకాల్లో, సుమారు 41,000 ఏళ్ళనాటి నిప్పుకోడి గూడు బయటపడింది. చిన్న జాగాలోనే వేలకొద్దీ గుడ్డు పెంకుల ముక్కలు దొరికాయి. ఒకప్పుడు ఈ పక్షి మన నేల మీదే తిరిగింది.

అమెరికాకి ఇది 1880లలో ఈకల కోసం వచ్చింది. కాలిఫోర్నియాలో, అరిజోనాలో ఫారాలు వెలిశాయి. మొదటి ప్రపంచయుద్ధం నాటికి టోపీల ఫ్యాషన్ మారిపోయి ఆ వ్యాపారం కూలింది. మళ్ళీ 1990ల మొదట్లో పెంపకం జోరందుకుని, ఒక్కో జంట పదుల వేల డాలర్లు పలికింది. కొన్నేళ్ళకే ధర పడిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో, తమిళనాడులో ఈము పక్షుల పెంపకం ఎలా పొంగి ఎలా చల్లారిందో మన రైతు కుటుంబాలకి గుర్తుండే ఉంటుంది. రెండుచోట్లా చాలామంది పక్షిని అమ్ముకోవడానికే కొన్నారు. ఇప్పుడు మిగిలిన ఫారాలు మాంసం, తోలు, గుడ్లు అమ్మి నిలబడాలి. అలా నిలబడాలంటే పిల్లలు బతకాలి.

ఒక తెలుగాయన ల్యాబ్ నుంచి మొదలైన కథ

“యాంటిబయాటిక్ కలిపేస్తే పోలా?” అన్నారు అన్నయ్యగారు. పక్క ఫారం ఆయన దగ్గర ఏదో పాత పొడి ఉందట. ఈ మాట వెనక పెద్ద చరిత్ర ఉంది. అందులో మన తెలుగువాడు ఒకరున్నారు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ ప్రయోగశాల పరిశోధన విభాగానికి నాయకత్వం వహించారు. అక్కడే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ అనే యాంటిబయాటిక్‌ని కనిపెట్టారు. 1948లో అది లోకానికి తెలిసింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు. తర్వాత అదే సంస్థలో థామస్ జ్యూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ కోడిపిల్లల దాణా మీద పనిచేస్తూ, ఆరియోమైసిన్ తయారీలో మిగిలిన పిప్పి పెడితే పిల్లలు త్వరగా బరువు పెరుగుతున్నాయని గమనించారు. 1950 నుంచి ఆ కబురు ప్రపంచమంతా పాకింది. జబ్బు ఉన్నా లేకపోయినా దాణాలో కొద్దికొద్దిగా యాంటిబయాటిక్ కలపడం అలవాటైపోయింది.

దాని ఫలితం ఇప్పుడు అనుభవిస్తున్నాం. మందులకి లొంగని బాక్టీరియా పెరిగింది. అందుకే మనుషుల వైద్యంలో ముఖ్యమైన యాంటిబయాటిక్స్‌ని పశువులూ పక్షులూ త్వరగా బరువు పెరగడం కోసం వాడటం అమెరికాలో 2017 జనవరి 1 నుంచి ఆగిపోయింది. 2023 జూన్ నుంచి అలాంటి మందులేవీ పశువైద్యుడి చీటీ లేకుండా కొట్లో దొరకవు. నిప్పుకోడిది ఇంకో చిక్కు. కోడి, టర్కీ, ఆవు, పంది లాంటి ప్రధాన జంతువుల జాబితాలో అది లేదు. దాని కోసమే ఆమోదం పొందిన మందులు అరుదు. పశువైద్యుడి పర్యవేక్షణలో, వేరే జంతువుల మందునే జాగ్రత్తగా వాడాలి. కనుక పక్క ఫారం పొడిని పక్కన పెట్టాల్సిందే.

ఫిన్లాండ్ కోళ్ళు చెప్పిన పాఠం

దీనికి ఇంకో దారి చూపించింది ఫిన్లాండ్. 1970ల మొదట్లో అక్కడి కోళ్ళ ద్వారా సాల్మొనెల్లా బాగా వ్యాపించింది. నుర్మీ, రంటాలా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆరోగ్యంగా ఉన్న పెద్దకోడి పేగులోని పదార్థాన్ని అప్పుడే పుట్టిన పిల్లలకి ఇచ్చి చూశారు. ఆ పిల్లల్లో సాల్మొనెల్లా తేలిగ్గా పాతుకోలేకపోయింది. 1973లో ఈ సంగతి ‘నేచర్’ పత్రికలో వచ్చింది. బస్సులో సీట్లన్నీ మంచివాళ్ళతో నిండిపోతే దొంగ ఎక్కడానికి చోటుండదు కదా, అంతే.

అమెరికాలో ఇదే ఆలోచనతో, మా వదిన వాళ్ళుండే టెక్సాస్‌లోనే, కాలేజ్ స్టేషన్‌లోని వ్యవసాయశాఖ శాస్త్రవేత్తలు కోడి పేగు నుంచి తీసిన 29 రకాల బాక్టీరియాతో ఒక మిశ్రమం తయారుచేశారు. దాని పేరు ప్రీఎంప్ట్. పుట్టిన కోడిపిల్లల మీద చల్లితే, అవి ఈకలు సవరించుకుంటూ ముక్కుతో దాన్ని లోపలికి తీసుకుంటాయి. 1998లో ఎఫ్‌డీఏ దాన్ని ఆమోదించింది.

మన గోదావరి జిల్లాల రొయ్యల రైతులకి కూడా ఈ మాట కొత్త కాదు. చెరువు నీళ్ళలో, మేతలో ప్రోబయోటిక్ కలపడం అక్కడ రోజువారీ పని.

నిప్పుకోడి పిల్లల్లో ఏం తేలింది?

కోళ్ళతో పోలిస్తే నిప్పుకోడి పిల్లల మీద పరిశోధనలు తక్కువే. అందులో బాగా పనికొచ్చేవి దక్షిణాఫ్రికాలోని ఔట్‌స్‌హూర్న్ పరిశోధన క్షేత్రంలో జరిగాయి. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎలిన్ విడెవాల్ బృందం, పేగువాపుతో చనిపోయిన పిల్లల పేగుల్నీ అదే వయసు ఆరోగ్యమైన పిల్లల పేగుల్నీ పోల్చి చూసింది. చనిపోయినవాటిలో సూక్ష్మజీవుల రకాలు బాగా తగ్గిపోయి, హానిచేసే కొన్ని కుటుంబాల బాక్టీరియా విపరీతంగా పెరిగింది. ఆ తేడా జబ్బు పైకి కనిపించక ముందే, తొలి వారాల రెట్ట నమూనాల్లోనే కనిపించింది. ఇది 2020లో ప్రచురితమైంది.

2023లో వచ్చిన ఇంకో పరిశోధనలో అదే బృందం పిల్లలకి పెద్ద పక్షుల పెంట అందుబాటులో ఉంచింది. వాటి పేగుల్లో సూక్ష్మజీవుల సంసారం త్వరగా కుదురుకుంది. అవి దాదాపు 10 శాతం ఎక్కువ బరువు పెరిగాయి. పేగువాపు వచ్చినా బతికి బయటపడే అవకాశం రెట్టింపయింది.

మరి పెంటే పెట్టేస్తే సరిపోతుందా? పరిశోధన క్షేత్రంలో పక్షుల ఆరోగ్యం తెలుసు. బయట కొన్న పక్షి పెంటలో మంచి బాక్టీరియాతో పాటు సాల్మొనెల్లా, పురుగులు కూడా ఉండొచ్చు. పరీక్ష చేయించకుండా చేసే పని కాదు. ఇక్కడే ప్యాకెట్‌లో దొరికే ప్రోబయోటిక్‌కి చోటుంది. అది ఎక్కువ శుభ్రం, ఎక్కువ నమ్మకం. కానీ అందులో ఉండేవి కొద్ది రకాలే. సాధారణంగా లాక్టోబాసిల్లస్, ఎంటెరోకాకస్, బాసిల్లస్ లాంటివి. పెద్ద పక్షి ఇచ్చే ఊరంత జనాభా ముందు ఇవి వీధి చివర కాపలావాళ్ళ లాంటివి. దొంగని ఆపడానికి సాయపడతాయి. ఊరు మొత్తాన్ని నిలబెట్టలేవు.

వదిన అడిగినవి, నేను చెప్పినవి

పెరుగు పెట్టొచ్చా? కొద్దిగా పెడితే పెద్ద హాని లేదు. కానీ అది మందు కాదు. పక్షులకి పాలల్లోని చక్కెర సరిగ్గా అరగదు, ఎక్కువైతే విరేచనాలు పట్టుకుంటాయి. పైగా పెరుగులోని బాక్టీరియా పాలల్లో పెరగడానికి అలవాటుపడింది. పక్షి పేగులో కాపురం పెట్టడం దానికి కష్టం.

మనం వేసుకునే క్యాప్సూల్ వెయ్యొచ్చా? అది మనిషి కోసం ఎంచిన రకం. పక్షుల కోసం తయారైనది దొరుకుతున్నప్పుడు అదే నయం. ప్యాకెట్ మీద ఏ బాక్టీరియానో పేరు, గ్రాముకి ఎన్ని బతికున్న కణాలో లెక్క, గడువు తేదీ ఉండాలి. అమెరికాలో దాణాలో కలిపే ఇలాంటివాటిని ‘డైరెక్ట్ ఫెడ్ మైక్రోబియల్స్’ అంటారు. ఫలానా జబ్బు నయం చేస్తుందని రాస్తే చట్టం దృష్టిలో అది మందైపోతుంది, దానికి వేరే అనుమతి కావాలి. కనుక అన్ని జబ్బులూ పోగొడుతుందని గొప్పలు చెప్పే ప్యాకెట్‌ని అనుమానంగా చూడాలి.

ఎప్పుడు ఇవ్వాలి? పుట్టిన మొదటి రోజు నుంచే. చెడ్డ బాక్టీరియా తిష్ట వేశాక దాన్ని ఖాళీ చేయించడం కష్టం. ప్రయాణం చేసొచ్చినప్పుడు, దాణా మార్చినప్పుడు, డాక్టరు ఇచ్చిన యాంటిబయాటిక్ కోర్సు అయిపోయాక మళ్ళీ ఇవ్వొచ్చు.

ఎలా ఇవ్వాలి? ఇక్కడే వదిన వాళ్ళ చిక్కు బయటపడింది. నీళ్ళ గిన్నెలు శుభ్రంగా ఉండాలని ఆ నీళ్ళలో బ్లీచ్ చుక్కలు వేస్తోంది. అదే నీళ్ళలో ప్రోబయోటిక్ పొడి కలుపుతోంది. క్లోరిన్ మంచి బాక్టీరియానీ వదలదు. “మరిగే పాలల్లో తోడు వేస్తామా వదినా? ఇదీ అంతే” అన్నాను. ఆవిడకి వెంటనే అర్థమైంది. గిన్నెలు బ్లీచ్‌తో కడిగి, బాగా తొలిచి, క్లోరిన్ లేని నీళ్ళు పోయాలి. లేదా కొద్దిగా తడిపిన దాణాలో కలిపి వెంటనే పెట్టాలి. ప్యాకెట్‌ని ఎండలో, కారులో ఉంచకూడదు. దాణాని గుళికలుగా చేసే వేడికి లాక్టోబాసిల్లస్ చాలావరకు చచ్చిపోతుంది, బీజరూపంలో ఉండే బాసిల్లస్ తట్టుకుంటుంది. అందుకే గుళికల దాణాలో ఎక్కువగా బాసిల్లస్ కలుపుతారు.

ప్రోబయోటిక్ చేయలేని పనులు

ల్యాబ్ నుంచి కబురు వచ్చింది. ఒక పిల్లకి పేగువాపు. తర్వాత పంపిన ఇంకోదానికి బొడ్డు దగ్గర చీము పట్టి, పచ్చసొన తిత్తి చెడిపోయింది. అంటే రెండు వేర్వేరు కారణాలు. రెండోదానికి మూలం చాలాసార్లు గుడ్డు మురికిగా ఉండటం, ఇంక్యుబేటర్ శుభ్రంగా లేకపోవడం, పుట్టగానే బొడ్డుకి అయోడిన్ పెట్టకపోవడం. దానికి ఏ ప్రోబయోటిక్కూ జవాబు కాదు.

నిప్పుకోడి పిల్లలు ఇంకా చాలా రకాలుగా చనిపోతాయి. చలికి వణికినా, వేడికి రొప్పినా తిండి మానేస్తాయి. బెంగపడితే గడ్డిపరకలు, ఇసుక, ప్లాస్టిక్ ముక్కలు, ఏది కనిపిస్తే అది మింగేస్తాయి. కందనకాయ ముందున్న సంచిలో అది అడ్డంపడుతుంది. జారే నేల మీద కాళ్ళు చీలిపోతాయి. తిండి మరీ బలంగా పెట్టి, పరుగు పెట్టనివ్వకపోతే కాళ్ళు వంకరపోతాయి. ఇక పక్షుల ఫ్లూ అనుమానం వస్తే ఆలస్యం చేయకుండా పశువైద్యుడికీ రాష్ట్ర అధికారులకీ చెప్పాలి. అక్కడ ఇంటివైద్యం పనిచేయదు.

రెండో విడత

పోయిన వసంతంలో వదిన వాళ్ళు మళ్ళీ 22 పిల్లల్ని తెచ్చారు. ఈసారి శుభ్రమైన గుడ్ల నుంచి పిల్లలు తీసే ఫారం వెతుక్కున్నారు. పుట్టిన రోజే బొడ్డుకి అయోడిన్ పెట్టించారు. బ్రూడర్‌లో జారని చాపలు వేశారు. రోజూ ఎండలో పరిగెత్తించారు. పక్షుల ప్రోబయోటిక్‌ని మొదటి రోజు నుంచీ తడి దాణాలో ఇచ్చారు. మూడు నెలలకి 18 మిగిలాయి.

“నీ ప్రోబయోటిక్ బతికించిందే అమ్మాయ్” అంటుంది వదిన. నేను ఒప్పుకోను. ఒకేసారి అయిదు పనులు మార్చినప్పుడు ఏది ఎంత సాయం చేసిందో ఎవరూ చెప్పలేరు. అది తెలియాలంటే సగం పిల్లలకి ఇచ్చి, సగం పిల్లలకి ఇవ్వకుండా, మిగతావన్నీ ఒకేలా ఉంచి చూడాలి. పేర్లు పెట్టుకున్న పిల్లలతో అలాంటి ప్రయోగానికి వదిన ఒప్పుకోదు. నేనూ అడగను. నాకు తెలిసిందల్లా ఒక్కటే. తల్లిదండ్రుల నుంచి దూరం చేసి పెంచుతున్నప్పుడు, అవి ఇచ్చేవాటిలో మన కంటికి కనిపించనివి కూడా ఉన్నాయని గుర్తుపెట్టుకోవాలి. వెచ్చదనం, తిండి, నీళ్ళతో పాటు వాటిని కూడా సాధ్యమైనంత వరకు మనమే సమకూర్చాలి. ప్రోబయోటిక్ అందులో ఒక భాగం.

పిల్లలున్న ఇళ్ళవాళ్ళకి రెండు మాటలు. సెలవుల్లో ఫారాలకి వెళ్ళి పక్షిపిల్లల్ని ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడిగించండి. ఆరోగ్యంగా కనిపించే పక్షి మీద కూడా సాల్మొనెల్లా ఉండొచ్చు. అయిదేళ్ళలోపు పిల్లల్ని వాటిని పట్టుకోనివ్వకపోవడమే మంచిది. రెండోది, పక్షులకి మేలుచేసింది కదా అని పసిపిల్లలకి సొంతంగా ప్రోబయోటిక్ మొదలుపెట్టకండి. నెలలు నిండకుండా పుట్టిన శిశువులకి వీటివల్ల ప్రమాదం ఉండొచ్చని 2023లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. మీ పిల్లల డాక్టర్ని అడిగే వాడండి.

మన ఇంటి పెరుగు మాత్రం ఎప్పటిలాగే తోడుపెట్టుకోండి. పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడే సుమా!